ఆన్‌లైన్ పోకర్ చట్టబద్ధం కావాలన్న కాగితం మీద నేనెందుకు సంతకం పెట్టిన?



చాలా రోజుల తర్వాత పొడుగు పోస్టు రాస్తున్న. ఓపిక చేసుకొని చివరి దాకా చదవండి. సగం చదివి తిట్టకండి, మొత్తం చదివినంక తిట్టండి. ఎందుకంటే ఈ విషయం మీద మా ఇంట్లనే నన్ను ముందు తిట్టిన్రు.

నేను ఎల్దుర్తి దగ్గర ఒక తండా పిల్లగాన్ని. హైదరాబాద్‌లో హాస్టల్ ఉండి లా చదువుతున్న. నెలన్నర కింద నా క్లాస్‌మేట్ ఒకడు ఒక కాగితం పంపిండు. ఆన్‌లైన్ పోకర్‌ను చట్టబద్ధం చేయాలని కొట్లాడే ఒక ఆటగాళ్ల సంఘం తయారు చేసిన వినతిపత్రం అది. "లా స్టూడెంట్ల సంతకాలు కావాలంట, నువ్వు కూడ పెట్టు, నీ తోటోళ్లతోని కూడ పెట్టియ్యి" అన్నడు. వానికి తెల్వదు, ఆ ఆట పేరు మా ఇంట్ల ఎత్తితే మా యాడి అన్నం ముందు నుంచి లేచి పోతదని.

ముందు మా బావ సంగతి చెప్పాలె. బావ అంటే మా అక్క పెనిమిటి. పేరు రాయను, ఆయన అనుమతితోనే ఇదంత రాస్తున్న. హైవే మీద ఒక కంపెనీల షిఫ్టు డ్యూటీ చేసేటోడు. కరోనా టైంల డ్యూటీలు తగ్గినయి. 2021ల రూంల ఉండే దోస్తు నేర్పితే పోకర్ మొదలువెట్టిండు. మీకు యాదికుండే ఉంటది, తెలంగాణల ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ పైసలు పెట్టి ఆడొద్దని 2017లనే ఆర్డినెన్సులు తెచ్చి గేమింగ్ చట్టాన్ని మార్చిన్రు. అంటే బావ ఆట మొదలువెట్టేనాటికి నిషేధం వచ్చి నాలుగేండ్లు. మరి ఎట్ల ఆడిండు? ఫోన్ల లొకేషన్ మార్చే యాప్ ఒకటి వేసుకున్నడు. మనిషి మేడ్చల్ దిక్కు రూంల పండుకొని ఉంటే, ఫోన్ మాత్రం మహారాష్ట్రల ఉన్నట్టు చూపిస్తుండె.

ఏడాదిన్నరల రెండు లక్షల పదివేలు పోయినయి. అందుల అక్క గొలుసు ఉంది, మక్కల పైసలు ఉన్నయి, లోన్ యాప్‌ల అప్పు ఉంది. ఆ తర్వాత "ఇంకో యాప్ ఉంది, దాంట్ల ఎవ్వలు అడ్డుకోరు" అని వాట్సాప్‌ల ఒక ఏజెంటు తగిలిండు. ఏజెంటుకు ఫోన్‌పే కొడితే ఆటల చిప్పులు వేస్తడు, గెలిస్తే చిప్పులు తీసుకొని పైసలు పంపుతడు. కంపెనీ పేరు లేదు, ఆఫీసు లేదు. 2023 ఫిబ్రవరిల బావ నిజంగనే గెలిచిండు. అరవై రెండు వేలు. ఆ పైసలు అడిగిన రోజే ఏజెంటు నంబర్ బంద్.

బావ, నేను కలిసి నగరంల ఒక పోలీస్ స్టేషన్‌కు పోయినం. అక్కడున్న సారు మొత్తం విని ఒక్కటే అడిగిండు: "ఏ రాష్ట్రంల కూసోని ఆడినవు?" బావ నా దిక్కు చూసిండు. నేను కింద చూసిన. తెలంగాణ చట్టం కింద ఆడినోడు కూడ నేరస్తుడే. మోసపోయిన అని చెప్పాలంటే, ముందు నేరం చేసిన అని చెప్పాలె. "రాసుకొమ్మంటే రాసుకుంట, ఆలోచించుకో" అన్నడు సారు. తిట్టలే, కొట్టలే. నిజం చెప్పాలంటే మంచిగనే చెప్పిండు. మేం సప్పుడు చేయకుండ లేచి బయటికి వచ్చినం. బస్టాప్‌ల నిలబడి బావ అన్న మాట నాకింకా చెవుల్ల ఉంది: "పైసలు పోతే పోయినయి గని బామ్మర్దీ, చెప్పుకునే దిక్కు గూడ లేకపాయె."

ఆ మాట పట్టుకొనే ఈ పోస్టు రాస్తున్న.

ఇప్పుడు కాగితం సంగతికి వద్దాం. ఆ వినతిపత్రంల ముఖ్యమైన వాదన ఒక్కటే: పోకర్ నైపుణ్యపు ఆట, అదృష్టపు ఆట కాదు, కాబట్టి జూదం కిందికి రాదు. దీనికి వాళ్లు చూపించే పెద్ద తీర్పు ఎక్కడిదో తెలుసా? మన సికింద్రాబాద్‌ది. 1963ల సికింద్రాబాద్‌ల ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేసిన్రు. పైసలు పెట్టి రమ్మీ ఆడుతున్నరని కేసు. ఆ కేసు నిజాం కాలం నాటి హైదరాబాద్ జూదం చట్టం కింద నడిచి సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ కె. సత్యనారాయణ అంటరు. 1967 నవంబర్‌ల తీర్పు వచ్చింది. రమ్మీల ముక్కలు గుర్తు పెట్టుకోవాలె, ఏది పట్టుకోవాల్నో ఏది పారెయ్యాల్నో ఆలోచించాలె, కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యపు ఆట అని కోర్టు చెప్పింది. అదే తీర్పుల మూడు ముక్కలాట మాత్రం పూర్తిగా అదృష్టపు ఆట అన్నది. మన తండాల్ల దీపావళికి గుడ్డ పరుచుకొని ఆడే తీన్ పత్తా అన్నట్టు.

దేశంల ఏ మూల రమ్మీ కేసు నడిచినా, పోకర్ కేసు నడిచినా ఈ సికింద్రాబాద్ తీర్పు చెప్పకుండ వాదన మొదలుకాదు. పోకర్ విషయంల హైకోర్టులు తలా ఒక తీరు చెప్పినయి. 2013ల ఇండియన్ పోకర్ అసోసియేషన్ వేసిన కేసుల కర్ణాటక హైకోర్టు, క్లబ్బుల్ల నైపుణ్యపు ఆటగా పోకర్ ఆడుకోవడానికి లైసెన్స్ అక్కర్లేదన్నది. 2017ల గుజరాత్ హైకోర్టు మాత్రం పోకర్ జూదమే అన్నది. పశ్చిమ బెంగాల్‌ల 1957 నాటి చట్టమే పోకర్‌ను జూదం లెక్కల నుంచి పేరు పెట్టి తీసేసింది. ఒకటే ఆట, ఒకటే పత్తాలు. ఒక రాష్ట్రంల నైపుణ్యం, ఇంకో రాష్ట్రంల నేరం.

నేను లైబ్రరీల కూసోని ఆ 1967 తీర్పు మొత్తం చదివిన. మీరు కూడ చదవండి, పెద్దగ ఉండదు. అందుల వినతిపత్రం రాసినోళ్లు చెప్పని ఇంకో సగం ఉంది. ఆట నైపుణ్యపుదే అయినా, ఆడించే ఇల్లు గాని క్లబ్బు గాని ఆ ఆట మీద లాభం తీసుకుంటున్నట్టు సాక్ష్యం ఉంటే నేరం అవ్వచ్చని కూడ కోర్టు చెప్పింది. ఆ క్లబ్బు తీసుకున్నది కూర్చునే ఫీజు, కొద్దిపాటి సొమ్ము, సభ్యులకు చేసే ఏర్పాట్ల కోసం. అందుకే వాళ్లు బయటపడ్డరు.

మరి యాప్‌ల సంగతేంది? పోకర్ తెలియనోళ్ల కోసం చెప్తున్న. ఒక్కొక్కరికి రెండు ముక్కలు వేస్తరు, మధ్యల అందరికీ కలిపి ఐదు ముక్కలు తెరుస్తరు. తన రెండు, మధ్యల ఐదు, ఈ ఏడింట్ల మంచి ఐదు ముక్కల జత ఎవ్వలకు పడితే వాళ్లది పందెం. ముక్కలు మంచిగ లేవనిపిస్తే మధ్యల్నే పక్కకు జరగొచ్చు. ముక్కలు లేకున్నా ఉన్నట్టు పందెం పెంచి ఎదుటోన్ని భయపెట్టొచ్చు. లెక్క, ఓపిక, ఎదుటోన్ని చదివే తెలివి, ఇవన్నీ ఉంటయి. అది నిజమే. కాని యాప్ మనతోని ఆడదు. మనల్ని మనతోనే ఆడిపిచ్చి ప్రతి పందెంల కొంత కోసుకుంటది. దాన్ని రేక్ అంటరు.

ఉదాహరణకు లెక్క చూడండి. ఆరుగురు తలా వెయ్యి తెచ్చిన్రు అనుకుందాం. బల్ల మీద ఆరు వేలు. ఒక్కో పందెం సగటున ఐదు వందలు, యాప్ నూటికి ఐదు తీసుకుంటది అనుకుంటే, పందానికి ఇరవై ఐదు రూపాయలు. రాత్రికి అరవై పందాలు ఆడితే పదిహేను వందలు యాప్‌కు పాయె. ఆరుగురి మధ్య మిగిలింది నాలుగు వేల ఐదు వందలు. ఎవ్వలు గెలిచినా, ఎవ్వలు ఓడినా, తెల్లారేసరికి బల్ల మీద పావు వంతు పైసలు లేవు. దీని మీద 2023 అక్టోబర్ నుంచి సర్కారు ఇరవై ఎనిమిది శాతం జీఎస్టీ కూడ వేసింది. ఒక దిక్కు ఇది చెడ్డ ఆట అనుకుంటనే ఇంకో దిక్కు పన్ను వసూలు చేసిన్రు.

ఇగ నైపుణ్యం అన్న మాట దగ్గరికి వస్తే నాకు అసలు అనుమానం అక్కడ్నే మొదలైంది. నైపుణ్యపు ఆట అంటే అర్థం ఏంది? నేర్చినోడు గెలుస్తడు, నేర్వనోడు ఓడుతడు. కుస్తీల పైల్వాన్ ముందు పిల్లగాడు నిలబడితే ఏమైతదో అదే. షిఫ్టు డ్యూటీ దిగి, కండ్లు గుంజుతుంటే, లోన్ యాప్ పైసలతోని బల్ల దగ్గర కూసునే మా బావ ఎవ్వలతోని ఆడుతున్నడు? రోజంత అదే పని చేసేటోల్లతోని, లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నోల్లతోని. తీన్ పత్తాల అయితే కనీసం అదృష్టం అన్నా అప్పుడప్పుడు పేదోని దిక్కు చూస్తది. నైపుణ్యపు ఆటల అది గూడ ఎక్కువ సేపు చూడదు. అంటే "ఇది నైపుణ్యపు ఆట" అన్న మాట కంపెనీని కోర్టుల కాపాడుతది గని, మనసొంటి కొత్తోన్ని బల్ల దగ్గర కాపాడదు. అది మనకు హెచ్చరిక లెక్క వినిపించాలె.

ఇది చదివినంక "మరి సంతకం ఎందుకు పెట్టినవ్?" అని మీరు అడుగుతరు. అక్క కూడ అదే అడిగింది.

నిషేధం వైపు వాదన నాకు తెలుసు. అది చిన్న వాదన కాదు. 2025 ఆగస్టుల పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి ఆమోదం. నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడానే తీసేసి, పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ బంద్ అన్నది. ఆడించేటోల్లకు మూడేండ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. ప్రకటనలు చేస్తే రెండేండ్లు, యాభై లక్షలు. ఏటా నలభై ఐదు కోట్ల మంది ఇరవై వేల కోట్ల దాకా పోగొట్టుకుంటున్నరని సర్కారు అంచనా చెప్పింది. క్రికెట్ చూసేటప్పుడు ప్రతి ఓవర్‌కు వచ్చే ఆ ప్రకటనలు ఆగిపోయినయి. అది మంచిదే. ఇంటర్ పిల్లగాడు కొత్తగ ఆట దిక్కు పోకుండ ఉండటానికి అది పనికొస్తది. ఈ చట్టంల నాకు నచ్చిన ఇంకో ముచ్చట, ఆడినోనికి శిక్ష పెట్టలే. ఆడించినోన్నే పట్టుకున్నది. కాని మన రాష్ట్ర చట్టంల ఆడినోని మీద కేసు అన్నది అట్లనే ఉంది.

ఆ చట్టాన్ని సవాలు చేసిన కేసులు సుప్రీంకోర్టు దాకా పోయినయి.

కాని బావ ఫోన్ చూడండి. పెద్ద యాప్‌లు బంద్ అయినయి. ఏజెంట్ల మెసేజ్‌లు బంద్ కాలే. టెలిగ్రామ్‌ల లింకులు వస్తనే ఉన్నయి. "యాప్ పోయింది గని లింకు పోలే" అంటడు బావ. ఆయన ఆడుతలేడు. మూడేండ్ల సంది ముట్టలే. కాని ప్రతి లింకు వచ్చినప్పుడు చెయ్యి గుంజుతదంట. నేను దాచకుండ చెప్తున్న, బావ పోగొట్టుకున్న దాంట్ల ఎక్కువ పైసలు పేరున్న యాప్‌ల పోయినవే. చట్టబద్ధం అయితే బావ ఓడిపోకపోవునా? ఓడిపోవు. ఆ అబద్ధం నేను చెప్పను. కాని ఆ అరవై రెండు వేల సంగతి వేరే. అది ఆటల పోలే. దిక్కు లేక పోయింది.

మనోళ్లకు ఇది కొత్త కాదు. 1871ల తెల్లోల్లు నేరస్తుల జాతుల చట్టం తెచ్చి, పుట్టుకతోనే మనుషులను దొంగలని రాసిపెట్టిన్రు. లంబాడీలు సహా ఎన్నో సంచార జాతులు ఎక్కడో ఒక దగ్గర ఆ జాబితాల పడ్డరు. 1952 ఆగస్టు 31న దాన్ని రద్దు చేసిన్రు. అప్పటి నుంచి మన పెద్దోల్లకు ఒక అలవాటు మిగిలింది: స్టేషన్ మెట్లు ఎక్కొద్దు, ఎక్కితే మనమే లోపల పడతం. గుడుంబా సంగతి తీసుకోండి. నల్లబెల్లం అమ్మిన షావుకారి బయటనే ఉంటడు, బట్టి కాడ దొరికిన మన అవ్వ మీద కేసు అయితది. నిషేధం చెడ్డదని నేను అంటలే. నిషేధం పెట్టినప్పుడు కింద ఉన్నోడు నేరస్తుడు అయితడు, పైన ఉన్నోడు నంబర్ మార్చుకుంటడు అంటున్న. తప్పు చేసినోడు అయినా సరే, మోసపోతే చెప్పుకోవడానికి ఒక తలుపు ఉండాలె. నా వాదన అంత వరకే.

ఆ తలుపు లేకపోతే ఏమైతదో అమెరికాల జరిగింది. అక్కడ పోకర్ ప్లేయర్స్ అలయన్స్ అనే ఆటగాళ్ల సంఘం ఆన్‌లైన్ పోకర్‌ను చట్టబద్ధం చేసి నియంత్రించాలని ఏండ్ల తరబడి అడిగింది. అది జరగలే. 2011 ఏప్రిల్ 15న సర్కారు మూడు పెద్ద పోకర్ సైట్లను మూసేసింది. అందుల ఫుల్ టిల్ట్ అనేదాంట్ల ఆటగాళ్ల పైసలు వాళ్ల ఖాతాల్ల ఉండాల్సినంత లేనే లేవని తర్వాత తేలింది. అమెరికా ఆటగాళ్లకు ఆ పైసలు తిరిగి రావడం మొదలైంది 2014 ఫిబ్రవరిల. దగ్గర దగ్గర మూడేండ్లు. ఆటగాళ్ల పైసలు వేరే ఖాతాల పెట్టాలని అడిగే అధికారి అమెరికాల ఎవ్వలూ లేకుండె. ఆ తర్వాత 2013ల నెవాడా, డెలావేర్, న్యూజెర్సీ రాష్ట్రాలు లైసెన్సులు ఇచ్చి, నియమాలు పెట్టి ఆటను నడిపించుడు షురూ చేసినయి.

అమెరికా ముచ్చట వచ్చింది కాబట్టి మన గ్రూపు తెలుసుకోవాల్సిన ఇంకోటి చెప్త. కాలిఫోర్నియాల కబజాన్ అనే చిన్న ఆదివాసీ తెగ ఉంది. కేసు నడిచిన రోజుల్ల వాళ్ల సభ్యులు పాతిక మంది. వాళ్ల సొంత భూమి మీద బింగో, పోకర్ ఆడుకునే క్లబ్బు పెట్టుకున్నరు. సర్కారు అడ్డుకున్నది. కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయింది. 1987ల తీర్పు వచ్చింది: ఈ రాష్ట్రం జూదాన్ని పూర్తిగా నిషేధించలేదు, తానే లాటరీ నడుపుతున్నది, నియమాలు పెట్టి నడిపిస్తున్నది, కాబట్టి ఆ నియమాలను తెగల భూమి మీద రుద్దలేదు. మరుసటి ఏడు, 1988ల, అక్కడి పార్లమెంటు చట్టం చేసింది. ఆ ఆటల మీద వచ్చే లాభాన్ని తెగ పాలనకు, తెగ ప్రజల సంక్షేమానికి వాడాలని అందుల రాసిన్రు. అన్ని తెగలూ బాగుపడ్డయని అనను. పెద్ద పట్నాలకు దూరంగ ఉన్న తెగలకు పెద్దగ ఏం రాలే. కాని తేడా చూడండి. వాళ్లు బల్ల మీద హక్కు కోసం కొట్లాడిన్రు. మనం బల్ల ముందు కూసోని పోగొట్టుకున్నం. రేక్‌ల మన తండా బడికి ఒక్క రూపాయి రాలే.

ఇవన్నీ చదివి దసరా సెలవులకు ఊరికి పోయిన. అక్క వాకిట్ల మక్కలు ఆరబోస్తున్నది. నేను కాగితం సంగతి చెప్పంగనే చేతిల ఉన్న చాట కింద పెట్టి అన్నది:

"మా ఇంట్ల నిప్పు వెట్టిన దానికి నువ్వు సంతకం వెడతవా? చదువుకొమ్మని పంపితే గిదేనా నేర్చింది?"

నాకు జవాబు రాలే. బావ అరుగు మీద కూసోని ఉన్నడు. మెల్లగ అన్నడు: "వాన్ని తిట్టకు. ఆడింది నేను. ఆట మంచిదని వాడంటలేడు. ఆనాడు స్టేషన్ కాడ నేను నోరు మూసుకొని వచ్చిన, ఇంకోడు అట్ల రావొద్దని అంటున్నడు."

అక్క చాలాసేపు మాట్లాడలే. యాడి కూడ ఏమనలే. రాత్రి అన్నాలు తిన్నంక అక్కనే అడిగింది: "ఆ కాగితంల ఏం రాసిన్రు, చదువు." నేను తెలుగుల చెప్పుకుంట పోయిన. ఆటగాళ్ల స్వేచ్ఛ, ఆటగాళ్ల హక్కు, ఆటగాళ్ల ఫిర్యాదు అని అన్ని దగ్గర్ల ఆటగాళ్లు, ఆటగాళ్లు. అక్క మధ్యల ఆపింది.

"గొలుసు నాది. మక్కలు నేను కోసినవి. లోన్ యాప్‌ వాళ్లు ఫోన్ చేసి బూతులు తిట్టింది నన్ను. గా కాగితంల నేనేడున్న?"

నేను లా చదువుతున్న అని చెప్పుకుంట. ఆ ప్రశ్న నాకు తట్టలే. వినతిపత్రం రాసిన పెద్ద పెద్ద వకీళ్లకు కూడ తట్టలే.

హైదరాబాద్ తిరిగొచ్చి వెతికిన. సింగపూర్‌ల ఒక పద్ధతి ఉంది. క్యాసినోలకు పోయి ఇల్లు ముంచుతున్న మనిషి మీద భార్య గాని, పిల్లలు గాని, తల్లిదండ్రులు గాని దరఖాస్తు పెడితే, విచారించి ఆ మనిషిని లోపలికి రానియ్యొద్దని ఆర్డర్ ఇస్తరు. కుటుంబం అడిగితే బంద్. బ్రిటన్‌ల ఒక్క దగ్గర పేరు రాయించుకుంటే లైసెన్స్ ఉన్న ఆన్‌లైన్ జూదం సైట్లన్నిట్ల ఆ మనిషికి తలుపు మూసుకుంటది. 2020 ఏప్రిల్ నుంచి అక్కడ క్రెడిట్ కార్డుతోని జూదం ఆడనియ్యరు. అప్పు పైసలతోని ఆడొద్దన్నట్టు. ఇవన్నీ చట్టబద్ధం చేసిన దేశాల్లనే సాధ్యమైనయి. లైసెన్స్ ఇచ్చినోడే షరతు పెట్టగలడు. దొంగ ఏజెంటుకు షరతు ఎవ్వలు పెడతరు?

అందుకే వినతిపత్రం మీద సంతకం పెట్టిన. ఉత్తగ పెట్టలే. ఒక పేజీ జోడించి, ఈ షరతులతోనే నా మద్దతు అని రాసిన:

ఒకటి, ఆడేటోని భార్య గాని, తల్లిదండ్రులు గాని ఫిర్యాదు చేస్తే విచారించి ఖాతా మూసెయ్యాలె. ఇది అక్క షరతు, అందుకే మొదట పెట్టిన.

రెండు, నెలకు ఇంత కంటే ఎక్కువ వెయ్యరాదని హద్దు ఉండాలె. అప్పు యాప్ నుంచి, క్రెడిట్ కార్డు నుంచి పైసలు రానియ్యొద్దు.

మూడు, ఆటగాళ్ల పైసలు కంపెనీ పైసలతోని కలపకుండ వేరే ఖాతాల ఉండాలె.

నాలుగు, యాప్ ఎంత రేక్ కోసుకుంటున్నదో, ఈ నెల నువ్వు ఎంత పోగొట్టుకున్నవో తెరవంగనే తెలుగుల కనిపించాలె.

ఐదు, ఒక్క దగ్గర "నన్ను ఆపు" అంటే అన్ని యాప్‌ల ఆగాలె.

ఆరు, రాష్ట్ర చట్టాల్ల ఆడినోని మీద నేరం తీసెయ్యాలె. ఆడించి మోసం చేసినోన్ని పట్టుకోవాలె.

సంఘం వాళ్లు ఫోన్ చేసి మాట్లాడిన్రు. మర్యాదగనే మాట్లాడిన్రు. నాలుగింటికి సరే అన్నరు. నెల హద్దు విషయంల "పెద్దమనుషుల స్వేచ్ఛ కదా" అని గునిసిన్రు. కుటుంబం ఫిర్యాదు విషయంల "ఆలోచిస్తం" అన్నరు. నేను ఒక్కటే చెప్పిన: "సార్, ఆ షరతు తీసేస్తే నా సంతకం కూడ తీసెయ్యండి." ఇప్పటికైతే తియ్యలే. రేపు తీస్తే ఇదే గ్రూపుల రాస్త.

ఇగ మీకు చెప్పేది. నేను సంతకం పెట్టిన అని మీరు పెట్టాల్నని లేదు. నిషేధమే ఉండాలె అనేటోల్లు కూడ ఈ గ్రూపుల చాలమంది ఉన్నరని తెలుసు. వాళ్ల ఇండ్లల్ల కూడ మా అక్కసొంటి అక్కలు ఉండొచ్చు. మీ వాదన రాయండి, చదువుత. ఒక్క దాంట్ల మాత్రం అందరం ఒక మాట మీద ఉందాం: చట్టం ఏ దిక్కు పోయినా, మోసపోయిన మన పిల్లగాడు స్టేషన్ మెట్ల మీద నుంచి నోరు మూసుకొని వెనుకకు రావొద్దు. నిషేధం కోరేటోల్లు కూడ ఆడినోని మీద నేరం తీసెయ్యమని అడగొచ్చు. దానికి పోకర్‌ను సమర్థించాల్సిన పని లేదు.

ఇంకోటి. ఈ పోస్టు చదివి ఎవ్వలన్నా "నైపుణ్యపు ఆటనట కదా, ఒకసారి చూద్దాం" అనుకుంటే, పైన రేక్ లెక్క మళ్లొకసారి చదవండి. స్కాలర్‌షిప్ పైసలు పడ్డ రోజే లింకులు ఎక్కువ వస్తయి, అది మీ అనుభవంల కూడ ఉండే ఉంటది. లింకు పంపినోడు దోస్తు అయినా సరే, పక్కకు పెట్టండి. ఆన్‌లైన్‌ల పైసలు మోసం జరిగితే ఆలస్యం చేయకుండ 1930కు ఫోన్ చేయండి. అప్పులతోని మనసు బాగలేకపోతే, రాత్రి నిద్ర పట్టకపోతే 14416కు చేయండి, తెలుగుల మాట్లాడతరు. అది కూడ చేయబుద్ధి కాకపోతే ఈ గ్రూపుల నాకు ఒక మెసేజ్ పెట్టండి. నేను మీతోని స్టేషన్‌కు వస్త. ఈసారి కింద చూడను.

మొన్న బావకు ఫోన్ చేసిన. తుప్రాన్ దిక్కు కొత్త కంపెనీల చేరిండు. లోన్ యాప్ అప్పు ఇంక పద్దెనిమిది వేలు మిగిలి ఉందంట. అక్క ఫోన్ గుంజుకొని అడిగింది: "నా షరతు ఉందా, తీసేసిన్రా?"

"ఉంది అక్కా" అన్న.

"అయితే ఉండని" అన్నది.

జై సేవాలాల్.